ఆది లేనోళ్ళం

"సూటు మీకెందుకయ్యా?" అని అడిగేవాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారు. నలభై ఏళ్ళుగా వింటున్నా. అడిగే నోళ్ళు మారినయ్ గానీ ప్రశ్న మారలా. ఊళ్ళో కామందు అడిగితే "వీడికి కొవ్వెక్కింది" అని అర్థం. కాలేజీలో అభ్యుదయ మేస్టారు అడిగితే "వలస బానిసత్వం ఇంకా వదల్లేదు నీకు" అని అర్థం. ఖద్దరాయన అడిగితే "ఈ గుంటూరు ఎండల్లో అంత అవసరమా నాయనా" అని జాలి. ముగ్గురూ చెప్పేది ఒక్కటే: మీ వొంటికి అంత కొలత అక్కర్లేదు.

అక్కరుంది. ఎందుకో చెబుతా.

సూటు మంచిదా చెడ్డదా, మనదా తెల్లోడిదా అనే తగాదా తర్వాత చూద్దాం. ముందు అది ఎట్టా కుడతారో చూడండి. లుంగీకి కొలత లేదు. పంచె మూరల లెక్క. చొక్కా అంటారా, నాలుగు కొలతలతో లాగించొచ్చు. సూటుకి పదిహేనో ఇరవయ్యో కొలతలు కావాలి. మెడ వెనక, వీపు మొదలయ్యేచోట ఒక ఎముక పొడుచుకుని ఉంటది. టేపు అక్కడ ఆనించి కోటు పొడవు చూడాలి. ఈ భుజం ఎముక చివర్నుంచి ఆ భుజం ఎముక చివరిదాకా ఒక కొలత. చంకల కిందగా ఛాతీ చుట్టూ, టేపు లోపల రెండు వేళ్ళు దూరేటంత వదులు పెట్టి, ఇంకోటి. నడుం. పిర్రలు ఎక్కడ ఎత్తుగా ఉంటయ్యో అక్కడ సీటు. భుజం నుంచి మోచెయ్యి మీదుగా మణికట్టు ఎముకదాకా చెయ్యి. తొడ. కాళ్ళ మధ్యనుంచి మడమదాకా లోపలి పొడవు. దర్జీ మీ చుట్టూ తిరగాలి. మీ చంకల్లో చేతులు పెట్టాలి. మీ ఊపిరి ఆయన మొహానికి తగలాలి. ఆఖర్న మోకాళ్ళ మీద కూచుని మీ పాదం దగ్గర టేపు పట్టుకోవాలి. ఈ దేశంలో ఒకడు నిలబడితే ఇంకోడు కాళ్ళ దగ్గర కూచోవడం మాకు కొత్తేం కాదు. నిలబడినోడు మేం అవడమే కొత్త.

అందుకని నా లెక్కలో సూటు అంటే గుడ్డ సంగతి తర్వాత. ముందు అది అంటు సంగతి.

మాది తెనాలి వైపు కాలవ పక్క ఊరు. ఊరికి తూర్పున మాదిగ్గూడెం. ఊళ్ళో కుట్టుమిషను ఒకటే. ఆ మిషనాయన కులం పేరు ఇక్కడ రాయను. ఆయన స్థానంలో ఎవడున్నా అంతే చేసేవాడు. 1969లో సంక్రాంతికి మాయమ్మ కోతల కూలిలో మిగిల్చి గజంన్నర గళ్ళగుడ్డ కొన్నది. నాకు తొమ్మిదేళ్ళు. ఇద్దరం పోయి అరుగు కింద నిలబడ్డాం. ఆయన మిషను ఆపకుండానే అడిగాడు, "ఏమే, ఆది తెచ్చావా?"

ఈ తరం పిల్లలకి తెలియకపోతే చెబుతున్నా. ఆది అంటే కొలతకిచ్చే పాత బట్ట. ఆది చొక్కా, ఆది జాకెట్టు. దాన్ని పరిచి చూసి కొత్తది కుడతారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆది ఇవ్వడం మర్యాద కోసం. మేం ఆది ఇవ్వాల్సింది మమ్మల్ని తాకకుండా ఉండటం కోసం. ఒకే మాటకి ఊళ్ళో ఒక అర్థం, గూడెంలో ఇంకో అర్థం.

"పిల్లోడికి చొక్కానే లేదయ్యా, ఆది యాడ తెచ్చేది?" అన్నది మాయమ్మ.

"అట్టయితే ఎదురుగా నిలబెట్టు."

నిలబెట్టింది. సంతలో దూడని చూసినట్టు చూశాడు. అటు తిరగమన్నాడు, ఇటు తిరగమన్నాడు. "పెరిగే పిల్లోడేగా, వదులు పెడతాలే" అన్నాడు. చొక్కా మోకాళ్ళదాకా వచ్చింది. భుజాల కుట్టు మోచేతుల దగ్గరికి జారింది. కుట్టుకూలి మాత్రం ఊళ్ళోవాళ్ళ దగ్గర తీసుకున్నంతే తీసుకున్నాడు. అరుగు మీద పెట్టిన చిల్లర మీద నీళ్ళు చల్లి తీసుకున్నాడు. నీళ్ళు చల్లితే డబ్బులకి అంటు పోయింది. నా మీద కాసిని నీళ్ళు చల్లి కొలుచుకోవచ్చు గదా అని అప్పుడు నాకు తోచలేదు. తోచినా అనే ధైర్యం యాడిది.

1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మా పెద్దలు పంచములన్న మాట కాదని, ఆది ఆంధ్రులమని పేరు పెట్టుకున్నారు. ఈ నేలకి మొదటి మనుషులం అని. పేరులో ఆది వచ్చింది. అరుగు ముందు నిలబడితే మాత్రం ఆది లేనోళ్ళం.

ఇంకో మాట. తాకకూడదన్న నియమం అన్నివేళలా ఉండేదనుకునేరు, లేదు. మా తాత చెప్పులు కుట్టేవాడు. కామందు తన పాదం తెచ్చి తోలు మీద పెట్టేవాడు. తాత కింద కూచుని ఆ పాదం చుట్టూ బొగ్గుతో గీత గీసేవాడు. వేళ్ళ దగ్గర ఎత్తెంత, మడమ దగ్గర లోతెంత, చేత్తో పట్టి చూసుకునేవాడు. అప్పుడు ఎవరూ మైలపడలేదు. కొత్త చెప్పులు కరిస్తే తిట్టేవాళ్ళు గనక తాత ఒక నూలుపోగంత తేడా కూడా రానిచ్చేవాడు కాదు. మా మేనత్త మంత్రసాని. ఊళ్ళో సగం మంది భూమ్మీద పడంగానే ముందు తగిలింది ఆమె చేతులే. అంటే అంటుకి కూడా ఒక దిశ ఉంది. మా చెయ్యి వాళ్ళ పాదానికి తగలొచ్చు, మా చెయ్యి వాళ్ళ పురిటిబిడ్డకి తగలొచ్చు. వాళ్ళ టేపు మా ఛాతీకి తగలకూడదు. వాళ్ళకి అవసరమైనప్పుడు మా చేతులకి మైల లేదు. మాకు అవసరమైనప్పుడు మా వొళ్ళంతా మైలే!

చట్టం లేదా అంటారు. ఉంది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అన్నారు. దాని ఆరో సెక్షన్ చదవండి. అంటరానితనం పేరుతో సరుకు అమ్మననడం, సేవ చెయ్యననడం నేరం. నెల నుంచి ఆర్నెల్ల జైలు, వంద నుంచి ఐదొందల జరిమానా. ఆ సెక్షన్లో ఒక మాట ఉంది, మన వకీళ్ళు దాన్ని సరిగ్గా వాడుకోలా. మిగతావాళ్ళకి ఏ షరతుల మీద చేస్తారో అవే షరతుల మీద చెయ్యాలని. మా మిషనాయన "నేను కుట్టనన్నానా? కుట్టాగా!" అంటాడు. కుట్టావు. ఒకరికి టేపుతో, ఒకరికి కంటితో. కూలి ఒకటే అయినప్పుడు కొలత రెండురకాలైతే అవే షరతులు ఎట్టా అవుతయ్? ఇది పాతకాలం ముచ్చట అనేవాళ్ళు 2006లో అచ్చయిన "అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా" పుస్తకం చూడండి. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి రాసింది. అంటరానితనం ఆనవాళ్ళలో దర్జీలు కొలత తీసుకోకపోవడం కూడా అందులో ఉంది.

హాస్టలు సంగతి ఎక్కువ రాయను. సర్కారు యూనిఫాం ఇచ్చేది. కొలతలు తీసినోడు ఎవడూ రాలా. మూడు సైజుల్లో కట్టలు కట్టి పంపేవాళ్ళు. లావుపిల్లోడికి చంకల దగ్గర చిరిగేది. బక్కపిల్లోడు నిక్కరుకి మొలతాడు బిగించుకునేవాడు. బడిలో వరసలో నిలబెడితే ఎవడు హాస్టలోడో చొక్కా భుజం చూసి చెప్పొచ్చు. కులం అడగాల్సిన పనే లేదు.

అంబేద్కర్ సూటు గురించి మాట్లాడేవాళ్ళు ఆయన చిన్నతనం గురించి రాసుకున్నది చదవరు. సతారాలో మంగళ్ళు లేక కాదు, మహర్ పిల్లల తల ముట్టుకోరు గనక వాళ్ళ పెద్దక్క క్షవరం చేసేది. 1901లో తండ్రి దగ్గరికి పోదామని పిల్లలు రైలు దిగారు. మంచి బట్టలు వేసుకున్నారు, టోపీలు పెట్టుకున్నారు. ఆ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. మహర్లమని చెప్పంగానే ఆయన మొహం మారింది. పదేళ్ళ పిల్లోడికి అప్పుడే తెలిసింది, మంచి బట్ట కులాన్ని చెరపదని, కాకపోతే ఎదుటోడికి ఒక నిమిషం పాటు గుర్తు తెలీకుండా చేస్తదని. ఆ ఒక్క నిమిషం కోసమే ఊళ్ళో వాళ్ళకి మన ఇస్త్రీ చొక్కా చూస్తే కడుపుమంట. ఎవడేందో ఆనవాలు పట్టడం కష్టమవుతది గదా!

నా మొదటి సూటు 1984లో. డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఇంటర్వ్యూకి. ట్యూషన్లు చెప్పుకున్న డబ్బులతో ముదురు నీలం టెరివూల్ గుడ్డ కొనుక్కుని గుంటూర్లో ఒక సందులో ఉన్న సాయిబు దగ్గరికి పోయా. అడ్వాన్సు ఇవ్వబోతూ అలవాటు కొద్దీ చెప్పా, "మామా, నాకు ఆది కోటు లేదు."

"ఆది ఎవడడిగాడు? మనిషివి ఎదురుగా ఉన్నావుగా" అన్నాడు.

జేబుల్లో ఉన్నయ్యన్నీ తీయించాడు. చొక్కా మీదనే కొలుస్తానన్నాడు. "ఊపిరి బిగపట్టమాక. పొట్ట లోపలికి లాక్కోమాక. రోజూ ఎట్టా నిలబడతావో అట్టా నిలబడబ్బాయ్" అన్నాడు. రోజూ నిలబడినట్టే నిలబడ్డా. మెడ ముందుకి, వీపు కాస్త వొంచి, చేతులు ముందు దగ్గరగా పెట్టుకుని. సాయిబు చుట్టూ చూశాడు. "ఇక్కడెవరున్నారని వొంగావు?" అన్నాడు. నిజంగానే తెలీక అడిగాడు.

ఇక మొదలుపెట్టాడు. ఆయన చెబుతుంటే కుర్రోడు పుస్తకంలో రాస్తున్నాడు. ఛాతీ 38. నడుం 28. అక్కడ ఆగి మళ్ళీ కొలిచాడు. "పదంగుళాల తేడా! కంపెనీ సూటు నీకు పనికిరాదబ్బాయ్, వాళ్ళ లెక్క ఆరే." కుర్చీలో కూచుని తినేవాళ్ళ వొంటికి ఛాతీకీ నడుముకీ ఆరంగుళాల తేడా అనుకుని రెడీమేడ్ సూట్లు కుడతారు. బస్తాలు మోసి, సగం కడుపుకి తిన్న వొంటికి ఏ కంపెనీ సైజు పెట్టలేదు. తర్వాత రెండు అరిచేతులూ నా భుజాల మీద పెట్టి నొక్కి చూశాడు. "కుడి భుజం అరంగుళం దిగింది. మోత పనా?" పద్నాలుగో ఏటినుంచి ఎండాకాలం సెలవుల్లో ధాన్యం బస్తాలు ఎత్తినోణ్ణి. "రాయరా, కుడి భుజం డౌను, అర. ప్యాడ్ మందం వెయ్యాలి. మెడ పక్కన కండ ఉంది, కాలరు తగ్గించి కోయాలి. వీపు వొంపు, ముప్పావు."

నా గురించి సర్కారు కాగితాలు చాలా రాసినయ్. కుల సర్టిఫికెట్టు, ఆదాయ సర్టిఫికెట్టు, హాస్టలు రిజిస్టరు. నా చాకిరీ నా వొంటిని ఏం చేసిందో అంగుళాలతో సహా రాసింది ఆ సాయిబు పుస్తకం ఒక్కటే.

వారం తర్వాత ట్రయల్‌కి పిలిచాడు. తెల్లదారంతో పెద్దపెద్ద టాకాలు వేసి ఉంది కోటు. ఒక చెయ్యి పెట్టలేదింకా. వేసుకుంటే కాలరు మెడకి అంటుకోకుండా వెనక్కి వేలాడింది. వొంగిన మనిషికి వీపు ముక్క పొడవు పెంచాలి, ముందు ముక్క తగ్గించాలి, లేకపోతే కాలరు అట్టా ఎడంగా నిలబడుద్దని చెప్పి టాకాలు విప్పి సుద్దముక్కతో గీశాడు. నాకో అనుమానం వచ్చింది. "రేపు నేను వొంగడం మానేస్తే అప్పుడెట్టా మామా?" అన్నా. "అప్పుడు వీపులో గుడ్డ ముడత పడుద్ది. తీసుకురా, సరిచేస్తా. డబ్బులు అడగన్లే" అన్నాడు. ఆరేళ్ళకి తీసుకుపోయా. డబ్బులు అడగలేదు.

ఉద్యోగం వచ్చింది. సూటు వల్ల వచ్చిందని నేననను. రిజర్వేషన్ వల్ల వచ్చిందని స్టాఫ్‌రూం మొత్తం అన్నది. మూడేళ్ళ తర్వాత ఏప్రిల్ 14న సభకి ఆ సూటేసుకుని పోతే, ఎర్రజెండా మీటింగుల్లో మాట్లాడే ఖద్దరు లాల్చీ మేస్టారొకాయన భుజం మీద చెయ్యేసి అన్నాడు: "మీ నాయకుడి పొరపాటు అదేనోయ్. జనంలో ఉండాల్సినవాడు దొరల బట్టలు వేసుకున్నాడు. గాంధీని చూడు!"

చూశాం సార్. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి గోచీపంచెకి మారాడు. అంతకుముందు లండన్ బారిస్టరుగా సూట్లు వేసుకున్నవాడే. ఉన్నవి విప్పాడు. దేశం ఆయన్ని మహాత్ముడన్నది. మా తాత పుట్టి చచ్చిందాకా గోచీతోనే ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలా. మనుధర్మశాస్త్రం పదో అధ్యాయం చండాలుడికి శవాల మీద బట్టలే బట్టలని రాసింది. పాడె మీద గుడ్డ అడుక్కుని కట్టుకోవడం మా గూడెంలో నా కళ్ళారా చూశా. చచ్చినోడి గుడ్డకి ఎవడి కొలత ఉంటది? విప్పి త్యాగి అనిపించుకోవాలన్నా ముందు వొంటిమీద ఒకటి ఉండాలి గదా. మాకు గాంధీ దారి ముందే మూసేశారు. మిగిలిన దారి తొడుక్కోవడమే.

ఆ మేస్టారి లాల్చీ కూడా చెబుతా. తెల్లటి ఖద్దరు, భుజం కుట్టు సరిగ్గా ఎముక మీద కూచుంది. కొలిచి కుట్టించిందే. నిరాడంబరం కూడా ఆయనకి అంగుళాల లెక్కన అమిరింది.

ఈ మధ్య ఇంకో గొడవ. ప్రధానమంత్రి 2015 జనవరిలో తన పేరే చారలుగా నేయించుకున్న సూటేసుకున్నాడు. తర్వాతి నెల సూరత్‌లో వేలం పెడితే 4.31 కోట్లు పలికింది. దాంతో ప్రతిపక్షం "సూటు బూటు సర్కారు" అన్నది. సర్కారుని తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ "సూటు బూటు" అన్న మాటని తిట్టుగా వాడేముందు కాస్త ఆలోచించండి. ఈ మాట మా పిల్లోళ్ళ మీద ఊళ్ళో ఎన్నేళ్ళనుంచి వాడుతున్నారో మీకు తెలీదు. "ఏరా, సూటు బూటూ వచ్చినయ్యే!" అన్నాక తర్వాత పడేది దెబ్బే. 2023లో గుజరాత్ బనస్కాంఠా జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి మంచి బట్టలేసుకున్నాడని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడని కొట్టారు. అతను నాలుగు కోట్ల సూటేం వేసుకోలేదు. మన చుండూరు మర్చిపోయారా? సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలై 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి కాలవలో పడేసేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. కాలు తగిలితే ఎనిమిది ప్రాణాలు. ఆ దేశంలో టేపు తగలడం చిన్న విషయం అని నాకు చెప్పమాకండి.

విగ్రహాల సంగతి కూడా అనాలి. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేద్కర్‌ని నిలబెట్టారు. 2024 జనవరి 19న విజయవాడలో ఇంకో 125 అడుగుల అంబేద్కర్‌ని నిలబెట్టారు. ఒకాయన కట్టాడని ఇంకొకాయన కట్టాడు. ఆ కోటు మడతలకి, లాపెల్‌కి, గుండీలకి ఎంత జాగ్రత్తగా కొలతలు వేసి ఉంటారో! సంతోషమే, నేనూ పోయి తలెత్తి చూసి దణ్ణం పెట్టుకున్నా. కంచు కోటుకి అడుగుల్లో కొలత తీసినోళ్ళు హాస్టలు పిల్లోడి చొక్కాకి అంగుళాల్లో ఎందుకు తియ్యరని అడుగుతున్నా. ఒక్కో హాస్టలుకి ఒక టేపు, ఒక దర్జీ, రెండ్రోజుల పని. అంతే ఖర్చు.

మా గూడెంలో సిమెంటు విగ్రహానికి వేరే బాధ. మేస్త్రీ కోటు భుజాలు కాడిమాను లాగా చేశాడు, చేతులు వేళ్ళదాకా దిగినయ్. కిందటేడు రంగు వేయించేటప్పుడు కుర్రాళ్ళకి చెప్పి మణికట్టు దగ్గర చెక్కించి, తెల్లరంగుతో అర అంగుళం చొక్కా కఫ్ చూపించాం. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నవ్వనీ.

ఇంటర్వ్యూలకి పోయే పిల్లలు నన్ను అడుగుతుంటారు, అందుకని ఇదీ రాస్తున్నా. అరువు సూటు వేసుకోమాకండి. లేకపోతే చొక్కా ప్యాంటుతో పోండి, తప్పేం లేదు. కుట్టిస్తే భుజం ముందు చూసుకోండి. భుజం కుట్టు ఎముక చివర ఆగాలి. నడుమైతే తర్వాత సవరించొచ్చు గానీ భుజం తప్పితే కోటు మొత్తం విప్పాల్సిందే. కాలరు మెడకి ఆనాలి, వెనక చొక్కా కాలరు అర అంగుళం కనపడాలి. గుండీ పెడితే పొట్ట మీద ఇంటూ గుర్తులాగా ముడతలు వస్తే బిగువైనట్టు. వీపు మీద నిలువు మడతలు పడితే వదులైనట్టు. రెండు గుండీల కోటైతే కింది గుండీ పెట్టమాకండి. పొడవు పిర్రల్ని కప్పితే చాలు. ఎండలకి సగం లైనింగే వేయించండి. ట్రయల్ లేకుండా ఇస్తానన్నవాడికి గుడ్డ ఇవ్వమాకండి. ఎవడైనా ఆది తెమ్మంటే లేదని చెప్పి, చేతులు పక్కన వదిలేసి నిటారుగా నిలబడండి. వాడు టేపు తీసేదాకా అక్కడ్నుంచి కదలొద్దు. తీయనంటే ఆరో సెక్షన్ ఉందిగా, ఇద్దరు సాక్షుల్ని ఎంటబెట్టుకునే పోండి. ఇంకోటి, కుట్టు లోపల పక్కలకి అంగుళంన్నర గుడ్డ వదలమని ముందే చెప్పండి. ఉద్యోగం వచ్చి రెండు పూట్లా తింటే నడుం పెరుగుద్ది.